బ్యాకప్ ప్రాక్సీ ఉందిగా, మరి ఫోన్లెందుకు మోగలేదట!

ఇప్పుడే కాల్ పెట్టేశాను, ఇంకా ఒళ్లు మండుతోంది. ఇంటర్నెట్ ఫోన్ కాల్స్‌కి దారి చూపించే సర్వర్, అదే మెయిన్ సిప్ ప్రాక్సీ, పడిపోయింది. మెషీనన్నాక పడిపోదా? అందుకేగా రెండోది పెట్టింది! మన ఫోన్లని ఆ ప్రాక్సీకి కలిపే పెట్టె, వాయిస్ గేట్‌వే, సెట్టింగుల్లో రెండు అడ్రసులూ ముచ్చటగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక్క కాల్ మాత్రం రెండోదాని వైపు తిరిగి చూడలేదు. పైనుంచి ఫోన్: "బ్యాకప్ ఉందన్నారుగా?" ఉంది సార్, అలంకారానికి.

ఆ పెట్టెలో కీప్-అలైవ్ డీఫాల్ట్‌గా ఆఫ్. అవతలి ప్రాక్సీ బతికుందో లేదో అప్పుడప్పుడు ఒక ఆప్షన్స్ మెసేజ్ పంపి కనుక్కోవడమే దాని పని. అది ఆఫ్‌లో ఉంటే, ఎవరో ఒకరు డయల్ చేసేదాకా ప్రాక్సీ పోయిన సంగతి గేట్‌వేకి తెలియదు. డయల్ చేశాక యూడీపీ మీద (చేరిందో లేదో చూసుకోని పద్ధతిలో) ఇన్వైట్, అంటే కాల్ పిలుపు, పంపుతుంది. జవాబు రాదు. అర సెకనుకి మళ్లీ పంపుతుంది, తర్వాత ఒక సెకను ఆగి, రెండు ఆగి, నాలుగు ఆగి... ఇలా 32 సెకన్లు. నా పైత్యం కాదిది, 2002 నాటి సిప్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3261లోనే ఉంది. 32 సెకన్లు నిశ్శబ్దాన్ని చెవిలో పెట్టుకుని కూర్చునే మహానుభావుడెవరు? పదో సెకనుకే కట్ చేసి మళ్లీ డయల్ చేస్తాడు. గేట్‌వే మళ్లీ ఆ చచ్చిన ప్రాక్సీ తలుపే కొడుతుంది. ఈలోపు స్టేటస్ పేజీలో "రిజిస్టర్డ్" అని పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. ఎందుకంటే ప్రాక్సీ దగ్గర గేట్‌వే చేయించుకున్న పాత రిజిస్ట్రేషన్ (పేరు నమోదు) గడువు ఇంకా తీరలేదు కదా! గంట గడువు పెట్టుకుంటే గంటదాకా ఆ పచ్చదనం చూసి మురిసిపోవచ్చు.

సరే, తిట్టుకుంటూ చేత్తోనే రెండోదానికి మార్చాం. ఫోన్ మోగింది. ఎత్తితే మన మాట వాళ్లకి వెళుతోంది, వాళ్ల మాట మనకి రావట్లేదు. ట్రేస్ (మెసేజుల రికార్డు) తీసి ఎస్‌డీపీ, అంటే ఆడియో ఎక్కడికి పంపాలో చెప్పే భాగం, చూస్తే, సీ అనే లైన్లో 192.168తో మొదలయ్యే అడ్రస్! అంటే "మీ ఆడియో ఇక్కడికి పంపండి" అంటూ బయటి వాడికి మన లోపలి అడ్రస్ ఇస్తున్నాం. మెయిన్ ప్రాక్సీ మన లోపలి అడ్రసుల్ని చేరగలిగే వీపీఎన్‌లో ఉంది కాబట్టి దానికి ఇబ్బంది రాలేదు. బ్యాకప్ ఇంటర్నెట్ అవతల ఉంది. లోపలి అడ్రసుకి బదులు ఏ బయటి అడ్రస్ ఇవ్వాలో చెప్పే నాట్ ట్రాన్స్‌లేషన్ టేబుల్లో దానికోసం ఒక వరుస రాయాలి కదా? టేబుల్ ఖాళీ. రెండు దార్లకీ ఒకే అడ్రస్ సరిపోతుందని ఏ మేధావి అనుకున్నాడో.

అన్నట్టు, "స్టన్ పెట్టొచ్చుగా, మన బయటి అడ్రస్, పోర్టు బయటి సర్వర్నే అడిగి తెలుసుకోవచ్చు" అని కామెంట్ పెట్టబోయేవాళ్లకి ముందే దండం. మా రూటర్ అడ్రసులు మార్చే తీరు సిమెట్రిక్ నాట్. గమ్యాన్ని బట్టి పోర్ట్ మారిపోతుంటే స్టన్ చెప్పిన పోర్టుతో ఏం చేసుకోను? ఇక ఆ రూటర్లో సిప్ ఏఎల్‌జీ అనే పరోపకారి ఒకడు. అడగకుండానే మెసేజ్ విప్పి, హెడర్లో ఒక అడ్రస్ మార్చి, లోపల ఇంకోటి వదిలేస్తాడు. దాన్ని ఆఫ్ చేస్తాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రాగానే మళ్లీ ఆన్ అయి కూర్చుంటుంది. ఈ సాయం ఎవడడిగాడురా బాబూ!

అసలు నా కడుపుమంట ఇవేవీ కాదు. ఇన్‌స్టాల్ చేసిన వాళ్లు హ్యాండోవర్ కాగితంలో "ప్రాక్సీ రిడండెన్సీ: పూర్తయింది" అని టిక్ పెట్టి వెళ్లిపోయారు. ఒకటి పోతే ఇంకోటి ఆదుకునే ఏర్పాటట, ఏం పూర్తయింది? మెయిన్ ప్రాక్సీ కేబుల్ ఒక్కసారి పీకి చూశారా? పోనీ నేను పీకుతానంటే ఒప్పుకుంటారా? పగలైతే "కాల్స్ నడుస్తున్నాయి", రాత్రైతే "ఆ టైంలో ఎవరుంటారు", సెలవు రోజైతే "ఏదైనా అయితే ఎవరు బాధ్యులు". మెయిన్ తిరిగి లేస్తే కాల్స్ వెంటనే దాని మీదకి రావాలా, బ్యాకప్ మీదే ఉండాలా అని నెలల క్రితం పై పెద్దమనిషిని అడిగాను. హోమింగా, పార్కింగా, ఒక్క మాట చెప్పండి చాలు అన్నాను. "మీకు ఏది మంచిదనిపిస్తే అది" అన్నారు. ఈరోజు కాల్‌లో అదే పెద్దమనిషి "ముందే ఆలోచించాల్సింది" అన్నాడు.

కాల్ అవగానే ఫెయిలోవర్ టెస్టుకి (మెయిన్ పీకేసి బ్యాకప్ అందుకుంటుందో లేదో చూడ్డానికి) పర్మిషన్ కావాలని మళ్లీ మెయిల్ కొట్టాను. జవాబు కూడా వచ్చేసింది: "ఇప్పుడే కదా సెట్ అయింది, కదిలించకండి."