సర్వే చేసిన పేటకు మళ్లీ వెళ్లాలి

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో తెచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక మొదటి ఏడాది ముగిశాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఆలోచన మంచిదే. విద్యార్థి అందులో ఏం నేర్చుకుంటాడన్నది మాత్రం అడిగే ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది.

విశాఖలోని మత్స్యకారుల పేట పెదజాలారిపేటనే తీసుకుందాం. ఈ ప్రాజెక్టు కోసం విద్యార్థులు ఇంటింటికీ పట్టుకెళ్లే సర్వే ఫారంలో 'నెలసరి ఆదాయం' అని ఒక గడి ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా అదే వేసవిలో మన పిల్లలు ఫారాలు పట్టుకుని వెళ్తారు. బోటు మీద పనిచేసే మనిషి 'ఏమీ లేదు బాబూ' అంటే గడిలో సున్నా పడుతుంది. ఆ సున్నా అబద్ధం కాదు, కానీ ఆ ఇంటి బతుకూ అందులో లేదు. వేట ఉన్న రోజుల్లో డీజిల్ ఖర్చు పోను మిగిలింది ఎలా పంచుకుంటారు? నిషేధంలో ఇల్లు గడవడానికి ఎవరి దగ్గర అప్పు చేస్తారు? చేపలమ్మే ఆడవాళ్ల సంపాదన ఏ గడిలో రాయాలి? ఈ ప్రశ్నలు తట్టిన విద్యార్థికి ఆర్థికశాస్త్రం కొత్తగా అర్థమవుతుంది. ఫారాన్ని మార్చి రాసుకునే ధైర్యమూ వస్తుంది. ఉద్యోగాల్లో అడిగే కమ్యూనికేషన్ స్కిల్స్ అంటే నా దృష్టిలో మొదట ఇదే.

బీచ్ క్లీనింగ్ సంగతీ అంతే. ఆర్కే బీచ్‌లో ప్లాస్టిక్ ఏరడం అవసరమే. ఆ చెత్తలో చాలా భాగం నగరంలోని గెడ్డల (వాగుల) మీదుగా సముద్రంలోకి వచ్చిందే. గెడ్డ వెంట పైకి నడిచి, ఏ వీధిలో చెత్తబండి రావడం లేదో కనుక్కున్న బృందం పౌరసేవల గురించి నేర్చుకునేది ఇసుకలో దొరకదు.

1969లో 37 యూనివర్సిటీల్లో, 40 వేల మంది విద్యార్థులతో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) కూడా రెండేళ్లలో 240 గంటల సేవ అడుగుతుంది. గంటల లెక్క ఉండాల్సిందే. అయితే లాగ్‌బుక్ నిండగానే పని అయిపోయిందనుకోవడం నాకు బాధగా ఉంటుంది. తమ కష్టం చెప్పుకున్నవాళ్లకు ఆ రిపోర్టులో ఏం రాశారో తెలియకపోవడం అన్యాయం.

అందుకే కాలేజీలు మార్కుల్లో కొంత భాగాన్ని రెండో సందర్శనకు కేటాయించాలి. వేట మళ్లీ మొదలయ్యాక, జులైలోనో ఆగస్టులోనో, విద్యార్థులు అదే పేటకు వెళ్లి తాము రాసింది అందరి ముందూ తెలుగులో చదవాలి. తప్పని వాళ్లు చెప్పినచోట దిద్దాలి. ఆ దిద్దిన ప్రతిని వార్డు సచివాలయంలో ఇచ్చాకే క్రెడిట్లు వేయాలి.