20 నిమిషాలు ఆడించి, కెరీర్ ఏదీ అని అడుగుతారా?

మా భీమవరం, నరసాపురం వైపు ఐసు అంటే రొయ్యల ట్రేల్లో పోసేది. ఐసు ఫ్యాక్టరీ ముందు దిమ్మల్ని మెషీన్లో వేసి పొడి కొడుతుంటే ఆ తుంపరలు చెప్పుల్లోకి వచ్చి పడతాయి చూడండి, మనకు తెలిసిన ఐసు అంతే. దాని మీద ఆడే ఆట గురించి నీకెందుకమ్మా అంటారా? ఎందుకో చెప్తాను.

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మనోన్ రెయోమ్ ఫొటో పెట్టాను. కెనడా ఆవిడ, ఐస్ హాకీ గోలీ, అంటే గోల్‌కీపర్. 1992 సెప్టెంబర్ 23న మగవాళ్ల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లోని టాంపా బే టీము తరఫున సెయింట్ లూయిస్ టీము మీద ఆడింది. ప్రాక్టీసు మ్యాచే అనుకోండి, కానీ అప్పటిదాకా ఆ లీగ్ టీముల్లో ఏ ఆడమనిషీ ఆడలేదు. అప్పటికి ఆవిడకి 20 ఏళ్లు. మా బాబాయి వెంటనే తీర్పు చెప్పేశాడు. "అదంతా పబ్లిసిటీయేనమ్మా. రెండు గోల్స్ ఇచ్చేసింది. దాన్ని కూడా కెరీర్ అంటారా?"

పబ్లిసిటీయే, నేనెక్కడ కాదన్నాను? టాంపా బే అప్పుడే పెట్టిన కొత్త టీము. ఫ్లోరిడా మనలాగే ఉక్కపోత ప్రాంతం, అక్కడ ఐస్ హాకీ టిక్కెట్లు కొనేదెవరు? జనం చూపు తిప్పుకోవడానికే ఆవిడని తీసుకున్నానని మేనేజర్ ఫిల్ ఎస్పోసిటో దాచకుండానే చెప్పాడు. సరే, అది పిలిచినవాడి ఉద్దేశం. ఆవిడేం చేసిందో చూడండి. ఒక్క పీరియడ్, అంటే 20 నిమిషాలు నిలబడింది. 9 షాట్లొస్తే 7 ఆపింది. ఎదురుగా ఉన్నవాళ్లు కుర్రకారు కాదు, ప్రపంచంలోకెల్లా పెద్ద లీగ్ ఆటగాళ్లు. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల, 170 గ్రాముల దాకా తూగుతుంది, పైగా ఆటకి ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. అది మొహం మీదకొస్తుంటే అది పబ్లిసిటీ షాటా, నిజం షాటా అని తేడా ఉండదు కదండీ.

ఆ తర్వాతేమైంది? అట్లాంటా, నాక్స్‌విల్, నాష్‌విల్, లాస్ వెగాస్ అంటూ చిన్న లీగుల్లో టీము తర్వాత టీము మారింది. ఎక్కడికెళ్లినా పోస్టర్ మీద ఆవిడే, ఆట మొదలయ్యాక ఎక్కువగా బెంచీ మీద కూడా ఆవిడే. గోలీకి చెయ్యి తిరిగేది షాట్లు ఎదుర్కుంటేనే. ఆడించరు, మళ్లీ ఆడలేదంటారు! మహిళా రిజర్వేషన్ సీట్లో గెలిచిన సర్పంచి గారి కుర్చీలో వాళ్లాయన కూర్చుని, కాగితాలు సంతకానికి వంటింట్లోకి పంపించి, "ఆవిడకేం తెలుసండీ, పేరుకే" అనడం మనకి కొత్తా?

ఆడవాళ్ల ఆటలో మాత్రం ఆవిడకి నిలబడే చోటు దొరికింది. 1992, 1994లో కెనడాతో ప్రపంచ ఛాంపియన్. 1997లో జాతీయ జట్టులోంచి తీసేస్తే, మళ్లీ ఆడి చోటు సంపాదించి 1998 నాగానో ఒలింపిక్స్ ఫైనల్లో గోల్‌పోస్ట్ ముందు నిలబడింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల ఐస్ హాకీ పెట్టిందే అప్పుడు. అమెరికా 3-1తో గెలిచింది. అందులో మూడో గోల్, చివరి క్షణాల్లో కెనడా తన గోలీని బయటికి పిలిచి అదనంగా ఒక అటాకర్‌ని దింపితే ఖాళీ వలలో పడింది. ఆ లెక్క స్కోరుబోర్డులో కనబడదు. వెండి పతకం వచ్చింది. బాబాయీ, దీన్ని ఏమంటారు మరి?

జీతాలతో ఆడవాళ్లకి పీడబ్ల్యూహెచ్ఎల్ లాంటి ఐస్ హాకీ లీగ్ అమెరికా, కెనడాల్లో మొదలైంది 2024 జనవరిలో. రెయోమ్‌కి అప్పటికే 50 దాటాయి.

మన దేశం సంగతి ఇంకా అన్యాయం. మన ఆడపిల్లల ఐస్ హాకీ జట్టంటే దాదాపు లద్దాఖే. చలికాలంలో చెరువులు గడ్డకట్టిన కొద్ది వారాలే వాళ్లకి సీజన్. అక్కడి గోలీ నూర్ జహాన్ బతుకుతెరువుకి పాత చిత్రాలని బాగుచేసే పని చేస్తుంది. డెహ్రాడూన్‌లో 2011లో ఐస్ రింక్ కట్టి, కరెంటు బిల్లు భరించలేక ఏళ్లపాటు మూసేశారు. అంత తంటాలోనూ మనవాళ్లు 2025 ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు.

అంత దూరం ఎందుకు, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రజని ఎతిమర్పు మైదానం హాకీలో గోల్‌కీపర్, రియో, టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్లింది. మన గ్రూపుల్లో ఆ పేరు ఎవరైనా విన్నారా? బ్యాడ్మింటన్ ఆడే అమలాపురం సాత్విక్‌కి ఫ్లెక్సీలు కట్టుకున్నాం, మంచిదే, కుర్రాడు దానికి తగినవాడే. ఒక్క ఫ్లెక్సీ ఆ అమ్మాయికి కూడా కడితే తాడు తెగిపోతుందా?

మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లలు హ్యాండ్‌బాల్ ఆడతారు. దాళ్వా కోతలొస్తే చాలు, గ్రౌండంతా ధాన్యం రాశులు, పైన బరకాలు. పిల్లలు గోడవారగా ఉన్న ఇరుకులో బంతి విసురుకుంటారు. గింజల మీదకి బంతి వెళ్తే కసుర్లు. జిల్లా పోటీల్లో ఓడి వచ్చారని మొన్న సెంటర్లో టీ తాగుతూ నవ్విన పెద్దమనుషుల్లో ముగ్గురి ధాన్యం ఆ గ్రౌండులోనే ఉంది. వచ్చే కోతలకైనా అది వేరే చోట ఆరబోసుకోండి, ఆనక పిల్లల స్కోరు అడుగుదురుగాని.