షెల్ లూప్: తాళం చాలా, గుర్తు కూడా ఉండాలా?

సందర్భం: ఒక షెల్ లూప్ (లినక్స్‌లో కమాండ్లను మళ్లీ మళ్లీ నడిపే చిన్న ప్రోగ్రాం) 60 సెకన్లకోసారి డిస్క్ చూస్తుంది. వాడకం 90 శాతం దాటితే హెచ్చరిక మెయిల్ పంపే స్క్రిప్ట్‌ను నడుపుతుంది. డిస్క్ రాత్రంతా నిండుగానే ఉంటే నిమిషానికో మెయిల్ పోతూనే ఉంటుంది. దీన్ని ఆపేదెలా?

తాళం పక్షం: దీనికింత ఆలోచన ఎందుకండీ? స్క్రిప్ట్ ముందు ఫైలుకు తాళం వేసే ఫ్లాక్ (flock) కమాండ్ పెట్టి, తాళం కోసం ఆగొద్దని చెప్పే మైనస్ ఎన్ (-n) ఆప్షన్ ఇవ్వండి. ఒకటి నడుస్తుండగా ఇంకోటి వస్తే, తాళం దొరక్క వెంటనే వెళ్లిపోతుంది.

గుర్తు పక్షం: ఒకటి నడుస్తుండగా వస్తేనే కదా! మన స్క్రిప్ట్ ఐదు సెకన్లలో ముగుస్తుంది. లూప్ మళ్లీ చూసేసరికి తాళం తీసే ఉంటుంది, మెయిల్ మళ్లీ పోతుంది. పైగా స్క్రిప్ట్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపకపోతే, అది ముగిసేదాకా లూపే ఆగి ఉంటుంది. మీ తాళం అడ్డుకోవడానికి అక్కడ రెండోది ఉండదు.

తాళం పక్షం: అయితే ‘మెయిల్ పంపాం’ అని గుర్తుగా ఓ ఫైలు పెడతారా? లూప్ మధ్యలో చచ్చిపోతే ఆ ఫైలు అలాగే మిగిలిపోతుంది. రేపు డిస్క్ నిజంగా నిండినా స్క్రిప్ట్ కదలదు. ఫ్లాక్‌తో ఆ టెన్షన్ లేదు. ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9 (kill -9)తో బలవంతంగా చంపినా, సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నలే తాళం విడిపిస్తుంది.

గుర్తు పక్షం: ఫైలెందుకు, లూప్‌లో ఒక వేరియబుల్ చాలు. ‘మెయిల్ పంపాం’ అనే గుర్తు అందులో లేకుండా ఈ చుట్టులో డిస్క్ నిండితేనే స్క్రిప్ట్ నడవాలి. అది సున్నా ఎగ్జిట్ కోడ్‌తో, అంటే పని సరిగ్గా అయిందని చెప్పి ముగిస్తేనే వేరియబుల్ మారాలి. మెయిల్ పోనప్పుడు పోయిందని రాసుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

తాళం పక్షం: లూప్ రీస్టార్ట్ అయితే వేరియబుల్ పోతుందిగా?

గుర్తు పక్షం: పోనివ్వండి, ఇంకో మెయిల్ వస్తుంది. అసలు రాకపోవడం కంటే అది నయం.

తాళం పక్షం: వాడకం 89, 91 మధ్య ఊగుతుంటే?

గుర్తు పక్షం: 90 దాటి మెయిల్ పోతే గుర్తు పడుతుంది, 80 కిందికి దిగితేనే చెరుగుతుంది. మధ్యలో ఎంత ఊగినా కదలదు.

తాళం పక్షం: మరి లూప్‌నే ఎవరో రెండుసార్లు మొదలుపెడితే? రెండు లూప్‌లు, రెండు వేరియబుళ్లు, రెండు మెయిళ్లు.

గుర్తు పక్షం: అక్కడ మాత్రం మీ తాళమే కావాలి. స్క్రిప్ట్‌కి కాదు, లూప్‌కి వేయండి. కానీ తాళం పట్టుకున్న ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు సిస్టమ్ ఇచ్చే నంబరు) లూప్ మొదలుపెట్టే పిల్ల ప్రాసెస్‌లకూ వెళ్తుంది. లూప్ చచ్చినా, బ్యాక్‌గ్రౌండ్‌లో ఆ పిల్లల్లో ఒక్కటి బతికుంటే తాళం ఊడదు. అందుకే స్క్రిప్ట్‌ను పిలిచేటప్పుడు ఆ డిస్క్రిప్టర్‌ను మూసి పిలవండి.