ఐదు పడదు కదా పిన్నీ

పిల్లలకి చదువు గేములు తయారుచేసే ఉద్యోగంలో ఆరేళ్లుగా ఉన్నాను. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వీధికొకటి ఉంటుంది ఇలాంటి ఆఫీసు. మా మేనేజర్‌కి తెలుగు రాదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నా.

మొన్న ఆదివారం మారతహళ్లిలో అక్కావాళ్లింటికి వెళ్లాను. వాళ్లవాడు మూడో క్లాసు. మేం చేసిన భిన్నాల గేమే ఆడుతున్నాడు. మురిసిపోతూ పక్కన కూర్చున్నా. రెండు నిమిషాల్లో గాలి తీసేశాడు. వాడు అసలు ప్రశ్న చదవట్లేదు. మొదటి ఆప్షన్, రెండోది, మూడోది, వరసగా నొక్కుకుంటూ పోతున్నాడు. తప్పు నొక్కితే పోయేదేం లేదు. ఒప్పు తగలగానే ఖణేల్‌మని పది నాణేలు. వంద నాణేలకి గేములోని కోతిబొమ్మకి ఒక టోపీ. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగితే "నాలుగు" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. కోతికి అప్పటికే ఐదు టోపీలున్నాయి.

యాప్‌ని ఎవరు ఎంతసేపు వాడారో చూపించే మా డాష్‌బోర్డులో ఇలాంటి పిల్లాడే బంగారు కొండ. రోజుకి నలభై నిమిషాలు యాప్‌లో ఉంటాడు మరి!

వాణ్ని అనడానికేం లేదు. తక్కువ శ్రమతో ఎక్కువ నాణేలు ఎలా కొట్టాలో మేం పెట్టాం, వాడు నేర్చుకున్నాడు. మేం చేసింది పరీక్ష పేపరుకి పెళ్లికూతురి అలంకారం. దాన్ని ఆట అంటే ఆటకే అవమానం.

ఇదేమీ ఎవరికీ తెలియని రహస్యం కాదు. 1973లోనే లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు నర్సరీ పిల్లల మీద చూశారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలకి "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే ఆశ పెడితే, తర్వాత ఊరికే ఉన్నప్పుడు వాళ్లు బొమ్మలు వేయడం తగ్గిపోయింది. యాభై ఏళ్ల తర్వాత మేమింకా బ్యాడ్జిల రంగు మీద మీటింగులు పెట్టుకుంటున్నాం.

నాకు బాగా నచ్చిన పరిశోధన హాబ్‌గుడ్, ఐన్స్‌వర్త్ 2011లో అచ్చువేసింది. భాగహారం నేర్పడానికి జాంబీ డివిజన్ అని ఒక గేము చేశారు. అస్థిపంజరాలు మీదికొస్తుంటాయి, ఒక్కోదాని ఛాతీ మీద ఒక అంకె. ఆ అంకెని నిశ్శేషంగా భాగించే ఆయుధం తీస్తేనే అది కూలుతుంది. అదే గేముకి ఇంకో రూపం కూడా చేశారు. అందులో యుద్ధం మామూలు యుద్ధం, లెవెల్ అయ్యాక లెక్కల క్విజ్. లెక్కలు రెండింటిలోనూ ఉన్నాయి. కానీ మొదటి దాంతో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. ఏది కావాలంటే అది ఆడుకోమని వదిలేస్తే దాని మీదే ఏడు రెట్లు ఎక్కువసేపు కూర్చున్నారు. అందులో లెక్క చేయడమే కత్తి తిప్పడం. మా గేములో కోతి టోపీకీ భిన్నానికీ సంబంధం ఏమిటో, చేసినదాన్ని, నాకే తెలియదు.

ఆ సాయంత్రం వైఫై పోయింది. హిందూపురం నుంచి వచ్చిన మా అమ్మ నాలుగు చింతపిక్కలు తీసి, ఒకవైపు తెల్లబడేదాకా రాయి మీద రుద్దింది. సుద్దముక్కతో నేల మీద గళ్లు గీసింది. అష్టాచెమ్మా. ఇక్కడి కన్నడవాళ్లు చౌకాబార అంటారు. పిక్కలు నాలుగే కాబట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు (అదే చెమ్మా), ఎనిమిది (అష్టా) మాత్రమే పడతాయి. కాసేపటికి నా కాయ వాడి కాయకి ఐదు గళ్ల ముందుంది. పిక్కలు గుప్పిట్లో ఆడిస్తూ వాడన్న మాట: "ఐదు పడదు కదా పిన్నీ. చెమ్మా పడితే మళ్లీ వేయొచ్చు, అప్పుడు ఒకటి పడితే నిన్ను చంపేస్తా. లేకపోతే ఇప్పుడు రెండు, తర్వాత మూడు. కానీ ఈలోపు నువ్వు పారిపోతావ్."

ఐదుని రెండు రకాలుగా విడగొట్టాడు. పైగా నేనేం చేస్తానో కూడా లెక్కేశాడు. నాణేలు లేవు, కోతి లేదు. తప్పు చేస్తే కాయ పోతుంది, అందుకే ఆలోచించాడు.

అలాగని మన పాత ఆటలన్నీ గొప్పవని నేననను. ఆట నియమం ఎలా ఉందన్నదే ముఖ్యం. సీగ్లర్, రమణి అనే పరిశోధకులు 2008లో చిన్నపిల్లలతో ఒకటి నుంచి పది దాకా గళ్లున్న వరస పలక ఆడించారు. పావుగంట చొప్పున నాలుగుసార్లు ఆడితేనే అంకెల జ్ఞానం పెరిగింది. అంకెల బదులు రంగులున్న పలకతో ఆడినవాళ్లకి పెరగలేదు. మూడో గడిలో ఉండి రెండు పడితే "నాలుగు, ఐదు" అని గడి అంకె పైకి చెబుతూ జరగాలి, "ఒకటి, రెండు" అని కాదు. ఇంత చిన్న నియమం మీద కూర్చోవడమే డిజైన్ అంటే. మా దగ్గర ఆ టైమంతా కోతి కనురెప్పలకి పోతుంది.

పెద్దవాళ్ల ట్రైనింగ్ కూడా ఇదే బాపతు. మా ఆఫీసులో అగ్నిప్రమాదాల మీద "గేము" పెట్టారు, చక్రం తిప్పితే ప్రశ్న వస్తుంది. నా పక్క సీటు కడప అబ్బాయికి అందులో "ఫైర్ హీరో" బ్యాడ్జి వచ్చింది. మంటలార్పే సిలిండర్ ఎక్కడుందిరా అంటే ప్యాంట్రీ వైపు చూపించాడు. అది వాడి కుర్చీ వెనకే ఉంది.

సోమవారం మీటింగులో అడిగాను: గేము ఆడని పిల్లల గుంపు ఒకటి పెట్టి, నెల తర్వాత ఆడినవాళ్లకీ ఆడనివాళ్లకీ కాగితం మీద లెక్కలిచ్చి చూద్దామని. మంచి ఐడియా, వచ్చే క్వార్టర్‌లో చూద్దాం అన్నారు. ఈ వారం నాకు పడిన పని, కోతికి కళ్లజోడు.