టీపాట్ ఆక్రమించిన నంబరు

ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలోకి 1998 ఏప్రిల్ 1న ఆర్ఎఫ్‌సీ 2324 వచ్చి చేరింది. కాఫీ యంత్రాలను నెట్‌వర్క్ మీదుగా నడిపించే ప్రోటోకాల్, అంటే యంత్రాలు మాట్లాడుకునే నియమావళి, అది. కాఫీ కాచమనడానికి ‘బ్రూ’, పాలు ఇక చాలు అనడానికి ‘వెన్’ అందులోని ఆదేశాలు. టీపాట్‌ను కాఫీ అడిగితే అది 418 అనే ఎర్రర్ కోడ్‌తో ‘నేను టీపాట్‌ని’ అని జవాబు చెప్పవచ్చు. ఇలాంటి పత్రాలకు తప్పనిసరైన భద్రతా విభాగాన్నీ రచయిత లారీ మసింటర్ వదల్లేదు. తనకూ తన పొద్దుటి కాఫీకీ మధ్య అడ్డుపడేవారికి భద్రత ఉండకూడదని అందులో రాశాడు.

ఏప్రిల్ ఒకటిన ఇలాంటి వేళాకోళపు పత్రాలు వెలువరించడం అప్పటికే ఆనవాయితీ. పావురాల కాళ్లకు డేటా కట్టి పంపే పద్ధతి 1990లోనే వచ్చింది. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో లినక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ అభిమానులు దాన్ని నిజంగానే ప్రయోగించారు. తొమ్మిది ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పంపితే నాలుగింటికే జవాబు వచ్చింది, అదీ సుమారు గంట నుంచి గంటా ముప్పావు ఆలస్యంతో. ఆ వేళాకోళం వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు, పావురాలకు తప్ప.

కాఫీ పత్రం అలాంటిది కాదు. బ్రౌజర్‌కు వెబ్ పేజీలు అందించడం కోసం పుట్టిన ప్రోటోకాల్ హెచ్‌టీటీపీని ప్రతివారూ తమ అవసరానికి ఎడాపెడా సాగదీస్తున్న రోజులవి. అలా సాగదీస్తే ఎంత వెర్రిగా ఉంటుందో చూపడమే తన అసలు ఉద్దేశమని మసింటర్ తర్వాత చెప్పాడు. అంటే అది వ్యంగ్యంగా రాసిన విమర్శ.

అభిమానులు ఆ విమర్శను వదిలేసి టీపాట్‌ను మాత్రం పట్టుకున్నారు. 418 కాఫీ ప్రోటోకాల్‌కు చెందిన కోడ్, హెచ్‌టీటీపీది కాదు. అయినా నోడ్, గో వంటి ప్రోగ్రామింగ్ సాధనాలు దాన్ని హెచ్‌టీటీపీ కోడ్‌ల జాబితాలో చేర్చుకున్నాయి. దేన్ని ఎగతాళి చేయడానికి ఆ పత్రం పుట్టిందో, చివరకు దానికే అది ఉదాహరణగా మిగిలింది. సరదాను కాపాడామనుకున్నవారు అందులోని చురకను చంపేశారని నా అభిప్రాయం.

హెచ్‌టీటీపీ ప్రమాణాలను చూసే కార్యవర్గంలో ముఖ్యుడైన మార్క్ నాటింగ్‌హామ్ 2017లో ఈ కోడ్‌ను తీసేయమని ఆ సాధనాల నిర్వాహకులను కోరాడు. 4తో మొదలయ్యే కోడ్‌లు మొత్తం వందే, రేపు నిజమైన అవసరం రావచ్చు. ఈ వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ 418ని కాపాడాలంటూ ఒక విద్యార్థి ఉద్యమమే లేవదీశాడు, డెవలపర్లు అతని వెంట నడిచారు, టీపాట్ నెగ్గింది.

2022 జూన్‌లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 9110 ఈ తగవును తేల్చింది. 418కి ‘వాడుకలో లేనిది’ అని రాసి, ప్రస్తుతానికి మరో పనికి ఇవ్వకుండా పక్కన పెట్టింది. మిగతా కోడ్‌లు అయిపోతే మాత్రం దీన్ని తిరిగి తీసుకోవచ్చంది. టీపాట్‌కు దక్కినది హక్కు కాదు, గడువు.

కాగితం మీద వాడుకలో లేకపోయినా, బయట అది పనిచేస్తూనే ఉంది. ఆ పత్రానికి కొద్ది నెలల ముందే, ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దాడి మొదలైన రోజుల్లో రష్యా రక్షణ శాఖ సైట్‌ను విదేశాల నుంచి తెరిచినవారికి వచ్చిన జవాబు 418. అనుమతి లేదని చెప్పడానికి 403 ఎప్పటినుంచో ఉంది. అది పంపి ఉంటే తలుపు మూశారని సూటిగా అర్థమయ్యేది.