ముందు పరీక్ష ఎవరికి?

క్యాన్సర్ వంశపారంపర్యంగా వస్తుందా అని అడిగితే అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించిన ఒక బలమైన జన్యులోపం వల్ల వచ్చే క్యాన్సర్లు నూటికి 5 నుంచి 10 వరకే ఉంటాయి. ఉత్తర ఐరోపాలోని నార్డిక్ దేశాల కవలలపై జరిగి 2016లో వెలువడిన భారీ అధ్యయనం మాత్రం, మనుషుల మధ్య క్యాన్సర్ ముప్పులో కనిపించే తేడాలో దాదాపు 33 శాతానికి వారసత్వం కారణమని అంచనా కట్టింది. పైకి పొంతన లేనట్టున్న ఈ రెండు అంకెలూ నిజమే. మొదటిది ఒంటిచేత్తో ముప్పును ఎన్నో రెట్లు పెంచే అరుదైన మార్పుల లెక్క. రెండోదానిలో వాటితోపాటు, విడిగా చూస్తే లెక్కలోకి రానంత చిన్నవైన వందలాది సాధారణ తేడాలు కూడా ఉన్నాయి. జన్యు పరీక్షలు అమ్ముకునే ప్రకటనలు ఈ రెండింటినీ కలగాపులగం చేసి భయాన్నీ, భరోసానూ ఒకే ప్యాకెట్‌లో పెడుతున్నాయి.

బలమైన లోపాలు ఎలా పనిచేస్తాయో 1971లోనే అమెరికా వైద్య శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ నడ్సన్ పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాను పరిశీలించి ఊహించారు. ప్రతి కణంలో రక్షక జన్యువుకు రెండు ప్రతులుంటాయి. రెండూ దెబ్బతింటేనే కణం అదుపు తప్పుతుంది. పుట్టుకతోనే ఒకటి పాడై ఉన్నవారికి మిగిలిన ఒక్కటీ పోతే చాలు. అందుకే వారికి జబ్బు చిన్న వయసులో, తరచూ రెండు కళ్లలోనూ వస్తుంది. వైద్యులు నేటికీ వెతికే ఆనవాళ్లు చాలావరకు ఈ తర్కానికి సరిపోయేవే: 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, రెండు రొమ్ముల్లోనూ రావడం, ఒకే మనిషికి రెండు వేర్వేరు క్యాన్సర్లు. మగవారిలో రొమ్ము క్యాన్సర్ కనిపించినా, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ వచ్చినా ఇంకెవరి చరిత్రా తవ్వనక్కర్లేదు, నేరుగా పరీక్షకు పంపాలి.

లోపం ఉన్నంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల నుంచి కాపాడే జన్యువులు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2నే చూడండి. బీఆర్‌సీఏ1 లోపమున్న మహిళకు 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం, బీఆర్‌సీఏ2 అయితే 69 శాతం. అండాశయ క్యాన్సర్‌కు అవే 44, 17 శాతాలు. ఈ అంకెలు రాతిమీద చెక్కినవి కావు. న్యూయార్క్ ప్రాంతపు యూదు మహిళలపై జన్యు శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, లోపమున్నవారిలో 1940కి ముందు పుట్టినవారికి 50 ఏళ్లలోగా రొమ్ము క్యాన్సర్ ముప్పు 24 శాతం ఉంటే, తర్వాత పుట్టినవారికి 67 శాతం ఉంది. జన్యువు అదే, మారినవి జన్యువుకు బయటి పరిస్థితులు. తూర్పు ఆసియాలో విస్తారంగా కనిపించే ఏఎల్‌డీహెచ్2 జన్యువు తేడా ఇదే సంగతిని ఇంకా తేటగా చెబుతుంది. మద్యం నుంచి పుట్టే విషపదార్థం ఎసిటాల్డిహైడ్‌ను వీరి శరీరం సరిగా విరగ్గొట్టలేదు. తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. తాగనివారికి ఆ అదనపు ముప్పు దాదాపు ఉండదు.

అసలు చిక్కు పరీక్ష చేసే వరసలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న కూతురు ఆందోళనతో ముందుగా రక్తమిస్తుంది, ఫలితం 'ఏమీ లేదు' అని వస్తుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. క్యాన్సర్ వచ్చిన తల్లికి పరీక్షే చేయనప్పుడు ఈ 'ఏమీ లేదు'కు విలువ చాలా తక్కువ. తల్లిలో లోపముండి కూతురికి రాలేదా, లేక తల్లి జబ్బుకు కారణం ఈ పరీక్షకు అందనిదా అన్నది తేలదు. రోగికి ముందు చేసి, ఆమెలో ఫలానా లోపం ఉందని తేలాక, కూతురిలో ఆ ఒక్కచోటే వెతికి లేదంటే, అది నమ్మదగిన జవాబు. అప్పుడు ఆమె ముప్పు ఇంచుమించు అందరితో సమానం. ఖర్చూ తక్కువే. రోగి బతికుండగా ఈ పని చేయించని ఆసుపత్రి ఆ కుటుంబానికి తీరని నష్టం చేస్తున్నట్టే.

వంశచరిత్ర రాసుకునేటప్పుడు మూడు తరాలు, రెండు వైపులా అడగాలి. తండ్రి వైపు వదిలేయడం అతి సాధారణమైన పొరపాటు. బీఆర్‌సీఏ లోపం తండ్రి నుంచి కూడా ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశంతో వస్తుంది. అన్నదమ్ములే ఉన్న కుటుంబంలో అది చప్పుడు లేకుండా ఒక తరం దాటేస్తుంది, మేనత్త ఉంటే గానీ బయటపడదు. 'కడుపులో గడ్డ' అని పెద్దవాళ్లు చెప్పేది అండాశయమో, పేగో, కాలేయమో కావచ్చు. పాత బయాప్సీ కాగితం దొరికితే వంద జ్ఞాపకాల పెట్టు.

నమూనా దగ్గరా బోల్తా పడుతున్నారు. ఎముక మజ్జ మార్పిడి జరిగిన వ్యక్తి రక్తంలో కనిపించేది దాత డీఎన్ఏ. లాలాజలంలోనూ దాత తెల్లకణాలు కలుస్తాయి కాబట్టి చర్మ కణాలను పెంచి పరీక్షించాలి. వృద్ధుల్లో, కీమోథెరపీ అయినవారిలో రక్తకణాలకు మాత్రమే తర్వాత వచ్చిన టీపీ53 జన్యువు మార్పు వారసత్వ లోపంలా కనిపించి చిన్న వయసు నుంచే రకరకాల క్యాన్సర్లు తెచ్చే లీ-ఫ్రౌమెనీ సిండ్రోమ్ అన్న ముద్ర వేయిస్తుంది. పుట్టుకతో వచ్చినదైతే ఆ మార్పు చదివిన డీఎన్ఏ ముక్కల్లో సుమారు సగంలో ఉండాలి. 15, 20 శాతమే ఉంటే అనుమానించాలి. జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోయిన సందర్భాలను డీఎన్ఏ అక్షరాలను చదివే మామూలు సీక్వెన్సింగ్ పట్టుకోలేకపోవచ్చు, ఎంఎల్‌పీఏ వంటి పద్ధతి కూడా వాడారో లేదో నివేదికలో చూడాలి. అమెరికాలో 2018లో అనుమతి పొందిన, ఇంట్లోనే నమూనా తీసి పంపే జన్యు పరీక్ష కిట్ చూసింది వెయ్యికి పైగా ఉన్న బీఆర్‌సీఏ లోపాల్లో కేవలం మూడింటిని!

నివేదికల్లో ఎక్కువగా అపార్థమయ్యేది 'ప్రాముఖ్యం తేలని మార్పు' అన్న తరగతి. మార్పు కనిపించింది, హానికరమో కాదో తెలియదు అన్నదే దాని అర్థం. తర్వాత తేలినవాటిలో అత్యధికం నిరపాయమైనవే. దీన్ని చూసి రొమ్ములు గానీ, అండాశయాలు గానీ తీసేయకూడదు, బంధువులకు పరీక్షలూ చేయకూడదు. జన్యువును మధ్యలో ఆపేసే మార్పు కూడా ప్రతిసారీ ప్రమాదకరం కాదు: బీఆర్‌సీఏ2లో 3326వ స్థానంలో ప్రొటీన్ ఆగిపోయే మార్పు 3418 అమైనో ఆమ్లాల్లో చివరి 93ని మాత్రమే కత్తిరిస్తుంది. దాన్ని వంశపారంపర్య రొమ్ము, అండాశయ క్యాన్సర్ల కారకంగా లెక్కించరు. జన్యు సమాచారం ఎక్కువగా యూరోపియన్ మూలాలవారిదే కావడంతో మిగతా జనాభాల్లో ఇలా తేలని మార్పులు ఎక్కువ. వందల తేడాలను కూడి ఇచ్చే పాలిజెనిక్ స్కోర్లదీ అదే బలహీనత. వాటిని చూపి ఒకరి భవిష్యత్తు చెప్పడం ఇంకా తొందరపాటే.

లోపం ఖాయమని తేలితే చేయగలిగింది చాలానే ఉంది. బీఆర్‌సీఏ ఉన్నవారికి 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్ఐ, 30 నుంచి మామోగ్రామ్. పిల్లలు చాలనుకున్నాక బీఆర్‌సీఏ1కి 35-40, బీఆర్‌సీఏ2కి 40-45 ఏళ్ల మధ్య అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తొలగించడం. పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య స్థితి లించ్ సిండ్రోమ్‌లో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపాలకు 20-25 ఏళ్ల నుంచే ఏడాదికో, రెండేళ్లకో కొలనోస్కోపీ. రోజూ 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చినవారిలో పెద్దపేగు క్యాన్సర్ దీర్ఘకాలంలో సుమారు మూడో వంతు తగ్గినట్టు క్యాప్2 ప్రయోగం చూపింది. రక్తస్రావం ముప్పు ఉంది కనుక సొంతవైద్యం పనికిరాదు. పెద్దయ్యాకే వచ్చే జబ్బులకు 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించవద్దు. రెటినోబ్లాస్టోమా, లీ-ఫ్రౌమెనీ, పేగులో వందల పాలిప్స్ పెరిగే ఎఫ్‌ఏపీ వంటివి మినహాయింపులు.

ఇన్ని మార్గాలున్నా, లోపం బయటపడ్డ రోగి దగ్గరే కథ ఆగిపోతోంది. అక్కచెల్లెళ్లకు, పినతండ్రి పిల్లలకు చెప్పే భారం చికిత్సలో అలసిన మనిషి మీదే పడుతోంది. బంధువులకు ఇవ్వడానికి లోపం పేరు, స్థానం, ప్రయోగశాల పేరుతో ఒక లేఖను ఆసుపత్రే రోగి చేతికివ్వాలి. పరీక్షకు ముందొకసారి, ఫలితం వచ్చాక మరోసారి కౌన్సెలింగ్ లేకుండా నివేదిక విడుదల చేయరాదు. తేలని మార్పు కొన్నేళ్లకు తేలినప్పుడు పాత నివేదికను సవరించి రోగికీ, వైద్యుడికీ పంపే బాధ్యతను ప్రయోగశాలలపై చట్టబద్ధంగా పెట్టాలి. ఆ పని ఎవరిదన్నది నేడు చాలాచోట్ల ఎవరూ రాసుకోలేదు.