గోలు కంటే ఫైలు గొప్పది

ఫుట్‌బాల్‌లో గెలుపోటములు మైదానంలో తేలాలన్నది పాతకాలపు మూఢనమ్మకం. ఇరవై రెండు మంది చెమటలు కక్కుతూ గంటన్నర పరుగెత్తడం, ఎవరి వల ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టడం, ఆ లెక్క చూసుకుని ఒక ఊరు టపాసులు కాల్చడం, ఇంకో ఊరు ముసుగు తన్ని పడుకోవడం, ఇదంతా నాగరికత ముదరని రోజుల వ్యవహారం. ఈ సత్యాన్ని ముందుగా గ్రహించిన దేశం ఫ్రాన్స్. గ్రహించి ఊరుకోలేదు, తన రెండో డివిజన్‌లో ఆచరించి చూపింది. నమ్మకం లేనివారు లీగ్ 2 వారి 2022-23 సీజన్‌ను శ్రద్ధగా పారాయణం చేయాలి. అది ఒక వేసవిలో ఆఫీసులో మొదలై మరుసటి వేసవిలో ఆఫీసులోనే ముగిసింది. మధ్యలో కొంతకాలం బంతి కూడా ఆడారు.

ఈ వ్యవస్థకు గుండెకాయ డీఎన్‌సీజీ. ఫ్రాన్స్‌లో ప్రొఫెషనల్ క్లబ్బుల జమాఖర్చులు తనిఖీ చేసే సంస్థ ఇది. సీజన్ అయిపోయి ఆటగాళ్లు సముద్రతీరాలకు చేరుకోగానే అసలు పోటీ ఇక్కడ మొదలవుతుంది. క్లబ్ అధ్యక్షుడు ఫైళ్లు చంకన పెట్టుకుని వచ్చి, రాబోయే ఏడాది జీతాలకు డబ్బు ఎక్కడిదో చెప్పాలి. చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే జీతాలపై పరిమితి, కొత్త ఆటగాళ్లపై ఆంక్ష, మరీ ముదిరితే కింది డివిజన్‌కు ప్రయాణం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మన సామెతకు ఫ్రాన్స్‌లో ఏకంగా ఒక కార్యాలయమే ఉందన్నమాట.

బోర్డో సంగతే చూడండి. ఆరుసార్లు ఫ్రాన్స్ విజేత. జిదాన్ ఆడిన క్లబ్. 2022 మేలో మొదటి డివిజన్‌లో అట్టడుగున నిలిచి రెండో డివిజన్‌లోకి జారింది. జారిన చోట కాలు నిలదొక్కుకునే లోపే జూన్‌లో డీఎన్‌సీజీ ఖాతాలు తిరగేసి, మీ స్థానం ఇక్కడ కూడా కాదు, మూడో డివిజన్ అని తేల్చింది. అప్పీలు చేస్తే అప్పీలులోనూ అదే మాట. తర్వాత ఫ్రాన్స్ ఒలింపిక్ కమిటీ మధ్యవర్తిత్వం, ఆపైన ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గం కరుణ. సీజన్ మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు బోర్డో మళ్ళీ రెండో డివిజన్ జట్టు అయింది. ఒక్క బంతి తన్నకుండా ఒకసారి కిందికీ ఒకసారి పైకీ వెళ్ళివచ్చిన ఈ నైపుణ్యాన్ని ఏ క్రీడా పాఠశాలలో నేర్పుతారు?

సెంట్ ఎటియెన్ ఇంకో అడుగు ముందుంది. పదిసార్లు విజేత అయిన ఈ క్లబ్ మొదటి డివిజన్ నుంచి పడిపోయిన రాత్రి, అభిమానులు నిప్పు కాగడాలతో మైదానంలోకి దూకారు. ఫలితంగా కొత్త సీజన్‌ను మూడు పాయింట్ల అప్పుతో, ఖాళీ స్టేడియంలో మొదలుపెట్టింది. అంటే మొదటి మ్యాచ్ గెలిస్తే వచ్చేది సున్నా. అది కూడా రాలేదు, దిజోన్‌లో ఓడిపోయింది. ఆగస్టులో ఖాళీ గ్యాలరీల సాక్షిగా లె ఆవ్ర్ వచ్చి 6-0తో చితక్కొట్టి వెళ్ళింది. ఆ దృశ్యాన్ని కళ్ళారా చూడకుండా అభిమానులను కాపాడిన క్రమశిక్షణ సంఘానికి ఆ ఊరు ఈపాటికి సన్మానం చేసి ఉండవలసింది.

ఇదంతా మనకెందుకని అడగబోయేవారికి ఒక మాట. ఈ లీగ్ పూర్తి పేరు లీగ్ 2 బీకేటీ. ఆ బీకేటీ మన ముంబైకి చెందిన బాలకృష్ణ ఇండస్ట్రీస్. పేరు వినగానే మనవాళ్లు తొడ కొట్టనవసరం లేదు, ఇది ట్రాక్టర్లకూ పొలం యంత్రాలకూ టైర్లు తయారుచేసే కంపెనీ. అంతకు ముందు ఈ లీగ్ ఒక పిజ్జా కంపెనీ పేరు మోసింది. 2020 నుంచి టైర్ల పేరు మోస్తోంది. బురదలో కూరుకుపోయిన బండ్లను లాగడం టైర్ల వృత్తిధర్మం గనుక ఇంతకంటే సరైన పోషకుడు దొరకడు. దొరికినవాడు ప్రచారానికి మాత్రమే డబ్బిస్తాడు, బండ్లు లాగడు అన్నది వేరే విషయం.

ఇక మైదానంలో జరిగింది క్లుప్తంగా. లె ఆవ్ర్ 75 పాయింట్లతో విజేత. 38 మ్యాచ్‌లలో వారి వలలో పడ్డ గోల్స్ ఇరవైకి లోపే. చూసేవారికి నిద్ర వచ్చి ఉండవచ్చు గానీ కోచ్ లూకా ఎల్స్‌నర్‌కు మాత్రం హాయిగా నిద్ర పట్టే ఆట. 1872లో పుట్టామని చెప్పుకునే ఈ క్లబ్ గీతం బాణీ బ్రిటన్ జాతీయ గీతానిది. ఫ్రాన్స్‌లో నిలబడి ఆ బాణీ పాడటానికి కావలసిన ధైర్యం ముందు రెండో డివిజన్ గెలవడం ఏపాటి.

ఆ ఏడాది ఇంకో విశేషం. మొదటి డివిజన్‌ను ఇరవై జట్ల నుంచి పద్దెనిమిదికి కుదించాలని పెద్దలు నిర్ణయించారు. పళ్ళెం అంతే ఉంచి తినేవాళ్లను తగ్గిస్తే ముద్ద పెద్దదవుతుందన్నది సిద్ధాంతం. అందువల్ల పైకి వెళ్ళేది ఇద్దరే, మూడో స్థానంలో నిలిచినవారికి అదనపు పోటీతో అవకాశమిచ్చే ప్లేఆఫ్ కూడా లేదు. రెండో డివిజన్‌కూ అదే కుదింపు రాసిపెట్టి ఉంది గనుక కిందికి పోయేది నలుగురు. వైకుంఠపాళిలో నిచ్చెనలు తగ్గించి పాములు పెంచితే ఆటలో ఆసక్తి పెరుగుతుందని కనిపెట్టినవారికి నమస్కారం.

2023 జూన్ 2, చివరి రోజు. పైకి తీసుకెళ్ళే రెండో స్థానం కోసం మెట్జ్, బోర్డో సమాన పాయింట్లతో ఉన్నాయి, కొట్టిన గోల్స్‌కూ తిన్న గోల్స్‌కూ మధ్య తేడాలో మెట్జ్‌ది పైచేయి. బోర్డో సొంత స్టేడియం నలభై వేల మందితో కిక్కిరిసింది. ఎదురుగా రోదేజ్, కింది డివిజన్‌లోకి జారకుండా గట్టు పట్టుకుని వేలాడుతున్న చిన్న క్లబ్. ఇరవై రెండో నిమిషంలో రోదేజ్ ఆటగాడు లూకాస్ బువాడ్ గోల్ కొట్టాడు. కొట్టినవాడు ఏం చేస్తాడు, సంబరపడతాడు. బోర్డో అభిమానులు కూర్చున్న గ్యాలరీ ముందే సంబరపడ్డాడు. అప్పుడు ఒక అభిమాని గ్యాలరీ దిగి మైదానంలోకి వచ్చి బువాడ్‌ను తోసేశాడు. బువాడ్ పడిపోయాడు, తలకు దెబ్బ. రిఫరీ ఆట ఆపాడు. నలభై వేల మంది కూర్చున్నారు. అక్కడ మెట్జ్ బాస్తియాను 3-2తో ఓడించి పైకి వెళ్ళే పనిలో ఉంది, ఇక్కడ కూర్చున్నవాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు. చాలాసేపటికి ఇక ఆట లేదు, ఇళ్లకు వెళ్ళండన్నారు.

ఆ అభిమాని సేవను లోకం సరిగ్గా గుర్తించలేదు. ఏడాది పొడుగునా శిక్షణ పొందిన రక్షణ ఆటగాళ్లు ఒక్క తోపుతో మ్యాచ్ ఆపలేకపోయారు, ఆయన ఆపాడు. బోర్డో భవితవ్యాన్ని మైదానం నుంచి తీసి మళ్ళీ కమిటీ బల్ల మీద, అది ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాడు. కమిటీ కూర్చుని మ్యాచ్‌ను రోదేజ్‌కు ఇచ్చేసింది, పైగా తర్వాతి సీజన్‌కు బోర్డో ఖాతాలో ఒక పాయింటు కోసింది. ఇరవై రెండు నిమిషాలు ఆడితే మూడు పాయింట్లు. రోదేజ్ గట్టెక్కింది.

రోదేజ్ గట్టెక్కితే మునిగింది ఎవరు? ఆనెసీ. రెండో డివిజన్‌లోకి వారు తిరిగొచ్చిన తొలి ఏడాది అది. ఆ చిన్న క్లబ్ అదే సీజన్‌లో ఫ్రెంచ్ కప్‌లో మొదటి డివిజన్ దిగ్గజం మార్సెయ్‌ను దాని సొంత స్టేడియంలోనే పెనాల్టీలతో ఇంటికి పంపి సెమీఫైనల్ దాకా వెళ్ళింది. లీగ్ చివరికి వచ్చేసరికి బోర్డోను కూడా 1-0తో ఓడించింది. తాను ఓడించిన జట్టు మైదానంలో ఒకడు చేసిన తోపుకు తానే కిందపడింది. ఇందులో న్యాయం వెతకకండి.

అయితే ఫైలు దయగలది. అదే వేసవిలో సోషో ఖాతాలు తెరిస్తే లోపల పెద్ద గొయ్యి కనిపించింది. సోషో అంటే 1928లో ప్యూజో కార్ల కుటుంబం పెట్టిన క్లబ్, ఫ్రాన్స్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు బాట వేసినవాళ్లలో ఒకటి. ఆ సీజన్‌లో మొదటి సగం పైకి వెళ్తామని కలలు కన్నది. 2015లో ప్యూజో వదిలించుకున్నాక ఒక హాంకాంగ్ సంస్థ చేతికి, తర్వాత నెన్‌కింగ్ అనే చైనా సంస్థ చేతికి మారింది. ఆ సంస్థ జేబు తడుముకుని చేతులెత్తేసింది. మైదానంలో ఏ ప్రమాదమూ లేని సోషో మూడో డివిజన్‌కు పోయింది. ఆ ఖాళీలో, మైదానంలో పోయిన ఆనెసీ బతికిపోయింది. సోషో అసలే లేకుండా పోకుండా ఆదుకున్నది చందాలు పోగుచేసిన అభిమానులు, స్థానిక వ్యాపారులు. ఆ అభిమానుల పేర్లు ఏ ఆస్తుల పట్టికలోనూ కనిపించవు గనుక వారి గురించి ఇంతకంటే రాయడం లెక్కల శాస్త్రానికి విరుద్ధం.

ఆ సీజన్‌లో లీగ్ 2 మైదానాల్లో గోలు పడిందో లేదో వీడియోలో మళ్ళీ చూసే ఏర్పాటు లేదు. ఖాతాలను మాత్రం చూసి, మళ్ళీ చూసి, అప్పీలులో చూసి, మధ్యవర్తి చేత చూపించి, చివరికి సమాఖ్య కళ్ళతో కూడా చూశారు. దేనికి ఎంత విలువ ఇవ్వాలో తెలిసిన దేశం. మరి అంత తెలిసినవారు 2022లో లీగ్ వాణిజ్య సంస్థలో 13 శాతం వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు 150 కోట్ల యూరోలకు అమ్మి ఎలా పంచారంటారా? పారిస్ సెయింట్ జర్మన్‌కు 20 కోట్లు. అప్పటికి రెండో డివిజన్‌లో ఉన్న లె ఆవ్ర్‌కు 15 లక్షలు. ఏడాది తిరిగేసరికి లె ఆవ్ర్ పైకి వచ్చి, కోర్టుకెక్కింది. వచ్చినచోట ఆడుకోక ఈ లెక్కలెందుకని అడిగేవారు, ఈ వ్యాసం మొదటి నుంచి చదవగలరు.

బోర్డో కథకు ఇంకొంచెం మిగిలింది. మరుసటి ఏడాది పన్నెండో స్థానం. 2024 జులైలో డీఎన్‌సీజీ మళ్ళీ పిలిచింది, మళ్ళీ మూడో డివిజన్ చూపించింది. లివర్‌పూల్ యజమానులైన ఫెన్‌వే సంస్థ వచ్చి కొంటుందని యాజమాన్యం గంపెడాశ పెట్టుకుంది. బేరం తెగలేదు, ఫెన్‌వే వెనక్కి వెళ్ళిపోయింది. క్లబ్ అప్పీలు మానుకుని, 1937 నుంచి ఉన్న ప్రొఫెషనల్ హోదాను తానే వదులుకుని, నాలుగో డివిజన్‌లో చేరింది. నలభై వేల మంది పట్టే స్టేడియంతో సహా. ఫెన్‌వే రాలేదు గానీ, పదమూడేళ్ల క్రితం అదే ఫెన్‌వే లివర్‌పూల్ కోసం మూడున్నర కోట్ల పౌండ్లు పోసి కొన్న ఆండీ కారల్ మాత్రం ఆ సెప్టెంబరులో బోర్డోకు వచ్చి చేరాడు.